రెండు గిన్నెలు, రెండు కుంచెలు

జిగురక్క. మా బడిలో ఆమెకున్న పూర్తి పేరు అదే. అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. దానితో పిలిచిన పాపాన మాలో ఎవరూ పోలేదు. ఆమెను నేను మొదటిసారి చూసింది సెలవుల్లో, బడి గ్రంథాలయపు గదిలో. పాత పుస్తకాలకు అట్టలు వేయడానికి చెల్లెలిని వెంటబెట్టుకొని వచ్చింది. వెన్ను విరిగిన నా నిఘంటువును రెండు చేతులా అందుకొని, తిప్పి చూసి, గది అదిరేటట్టు తుమ్మింది.

"ఎన్నాళ్ల దుమ్మండీ పంతులమ్మగారూ ఇది! దీన్ని తెరిచేవాళ్లే లేనట్టున్నారే?"

"నేను రోజూ చూస్తాను," అన్నాను కాస్త బిగువుగానే.

"అయితే 'అ' నుంచి 'క' దాకానే చూస్తున్నారన్నమాట. ఆ తర్వాత పేజీలన్నీ అంటుకుపోయి ఉన్నాయి."

ఆ గదిలో నన్ను అలా ఎత్తిపొడిచిన మనిషి అంతకుముందు లేదు. మా స్నేహానికి ఆ ఎత్తిపొడుపే పునాది.

ఆమె బల్ల మీద ఎప్పుడూ రెండు గిన్నెలుండేవి. ఒకదానిలో మైదాపిండి ఉడికించిన జిగురు, అది కాగితాలకు. రెండవదానిలో సన్నసెగ మీద కరిగే బంక. అది పుస్తకాల వెన్నులకు. దేని కుంచె దానిదే. మైదా చుక్క పడితే బంక పట్టు విడుస్తుందనీ, ఎప్పుడో ఒకనాడు పుస్తకం చదివేవాళ్ల చేతిలోనే ఊడివస్తుందనీ ఆమె నమ్మకం. చెల్లెలి కుంచె పొరపాటున రెండవ గిన్నె వైపు వెళ్లిందా, వేళ్ల మీద కొలబద్దతో ఒక్కటి పడేది.

"రెండూ కలిపితే రెండూ చెడతాయి. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"చాల్లే అక్కా! నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను," అనేది చెల్లెలు వేళ్లు ఊదుకుంటూ.

పాత పుస్తకాల దుమ్ము జిగురక్కకు పడేది కాదు. అట్ట అతికించే క్షణాన తుమ్ము వచ్చిందంటే ఆ అట్ట వంకరపోవలసిందే. అందువల్ల పాత పుస్తకాలు విప్పే రోజున పొద్దున్నే తుమ్ములకు ఒక మాత్ర వేసుకొనేది. "తుమ్మితే ఊడే ముక్కయితే, ఈపాటికి నా ముక్కుకి కూడా బైండింగ్ చేసుకునేదాన్ని," అని నవ్వించేది. చెల్లెలికీ అదే దుమ్ము, అవే తుమ్ములు, అదే మాత్ర.

నేను ఉద్యోగ విరమణ చేసిన తరువాత కూడా ఆమె మా ఇంటికి వచ్చిపోతుండేది. ఒకనాడు మా మెట్ల మీదనే ఆయాసంతో కూలబడింది. వైద్యురాలు పరీక్షలు చేయించి, రక్తంలో కొవ్వు మితిమీరిందనీ, గుండె నాళాలు సన్నబడ్డాయనీ చెప్పి, ప్రతి రాత్రీ వేసుకోమని ఒక మాత్ర రాసింది. చెల్లెలికి చేయిస్తే ఆమెకూ అంతే కొవ్వు తేలింది, అదే మాత్ర పడింది. "మా అమ్మ పోతూ పోతూ ఇద్దరికీ సమానంగా పంచిపెట్టింది," అన్నది జిగురక్క.

ఆ పిమ్మట, నిత్యం జిగురు తడిలో నానే ఆమె గోళ్లకు ఫంగస్ పట్టింది. దానికి మాత్రలిస్తూ వైద్యురాలు, అవి పూర్తయ్యేదాకా కొవ్వు మాత్ర ఆపమన్నది. ఆ రెండూ కలిస్తే కండరాలకు ముప్పని వివరించింది కూడా. జిగురక్క ఆ మాటను తుచ తప్పక పాటించింది. గోళ్లు బాగుపడ్డాక కొవ్వు మాత్ర మళ్లీ మొదలుపెట్టింది. అయితే ఆ ఒక్క మందును గురించి చెప్పిన మాట ఆమె మనసులో రెండు గిన్నెల సూత్రానికి అతుక్కుపోయింది. తుమ్ముల మాత్ర వేసుకొన్న రోజున కొవ్వు మాత్ర మానివేయసాగింది. పాత పుస్తకం విప్పని రోజు ఆమె వృత్తిలో అరుదు. ఈ సంగతి అప్పట్లో నాకు గానీ, వైద్యురాలికి గానీ తెలియదు.

కడకు ఆ పని బల్ల మీదికే గుండెనొప్పితో ఒరిగిపోయింది. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి వైద్యురాలు మంచం పక్కనే ఉంది.

"కొవ్వు మాత్ర సరిగ్గా వేసుకుంటున్నారా?"

"వేసుకుంటుందండీ," అన్నది చెల్లెలు. "తుమ్ముల మాత్ర వేసుకున్న రోజు మాత్రం ఆపుతుంది. నేనూ అంతే."

"ఆపమని ఎవరన్నారమ్మా?"

"మీరే కదండీ, గోళ్ల మందప్పుడు!"

వైద్యురాలు ఒక్క క్షణం కళ్లు మూసుకొని, కుర్చీ లాక్కొని కూర్చుంది. "ఆ మందు సంగతి వేరు తల్లీ. మీరిద్దరూ వాడే ఈ తుమ్ముల మాత్రకీ కొవ్వు మాత్రకీ పేచీ లేదు. రెండూ వేసుకోవచ్చు. కొత్త మందు ఏదొచ్చినా నన్ను అడగండి. మీ అంతట మీరు ఆపేయకండి."

వసారాలోకి వచ్చాక నాతో మెల్లగా అన్నది: "మానేసినందుకే ఇలా అయిందని ఖాయంగా చెప్పలేనండీ. కానీ గుండెకి కాపలా లేకుండా పోయింది. ఇక ప్రాణం నిలబడటం కష్టం."

నేను తిరిగి లోపలికి వెళ్లేసరికి చెల్లెలు దుప్పటి సర్దుతూ గొణుగుతున్నది. "అప్పుడో మాట, ఇప్పుడో మాట. నేను మాత్రం రెండూ కలపను. అక్క చెప్పిందే నాకు వేదం." అలా అంటూనే మంచినీళ్లు తేవడానికి చెంబు పట్టుకొని వెళ్లింది.

జిగురక్క మరునాడు పోయింది. పోయే ముందురోజు, ఆ సాయంత్రమే, చెల్లెలు నీళ్లతో తిరిగి వచ్చేలోగా, జిగురు మరకలు వదలని చేత్తో నా చెంగు పట్టుకొని ఒక్కటే అడిగింది.

"విన్నారుగా పంతులమ్మగారూ? ఇప్పుడు నేనే రెండూ కలిపి వేసుకోవే అంటే, అక్క పలవరిస్తోంది అనుకుంటుంది. కలపొద్దని కొట్టి మరీ నేర్పాను కదా దానికి. మీరంటే దానికి భయం. మీరు చెప్పండి. బడిలో చెప్పినట్టు, అది అప్పజెప్పేదాకా చెప్పండి."