క్యాలెండరు మీద బొట్టుబిళ్లలు

మనోరమ రోజూ పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టి, దండం పెట్టుకుని, ఆ తర్వాత నుదుటి మీది బొట్టుబిళ్లను తీసేసేది. గౌడవెల్లిలో కంపెనీ బస్సు ఎక్కే ముందు ఆ పని తప్పదు. మేడ్చల్ అవతల ఇంజెక్షన్ మందులు తయారయ్యే ఆ కంపెనీలో, ఆమె కూర్చునే గదిలోకి బొట్టు, పూలు, గాజులు ఏవీ పనికిరావు. కోడలు బోసి నుదురుతో గడప దాటడం అత్తమ్మకు మొదట్లో గుచ్చుకునేది. తర్వాత ఆమే, "దేవుడు సూసినంకనే తీస్తున్నవ్ గద బిడ్డా, ఆయనకు ఎర్కనే," అని సర్దుకుంది.

తీసిన బిళ్లను అందరిలాగే అద్దానికి అంటించేది. ఈ ఏడు ఎండాకాలం నుంచి చోటు మారింది. ముందురోజు తలనొప్పి వచ్చి ఉంటే, ఆ బిళ్ల గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ గడిలోకి చేరేది.

ఆ నొప్పి ఒక్క పక్కనే, కణతలో సుత్తితో కొట్టినట్టు వచ్చేది. వాంతి అయితే గాని తగ్గేది కాదు. మేడ్చల్ డాక్టరమ్మ మైగ్రేన్ అని చెప్పి, మాత్రలు రాసి, "వచ్చినప్పుడల్లా గుర్తు పెట్టుకోమ్మా. ఏం తిన్నావు, నిద్ర పట్టిందా, నొప్పికి ముందు ఏమనిపించింది, అవన్నీ చూస్తేనే నీకేది పడదో తెలుస్తుంది," అంది.

పాల లెక్క, గ్యాసుబండ వచ్చిన తేదీ రాసుకునే ఆ క్యాలెండరులోనే బిళ్ల పక్కన పెన్సిలుతో ఒక్కో మాట రాసేది. మరిచిపోతే అత్తమ్మ అందించేది: "గా దినం తినకుండ ఉరికినవ్, రాయి." అలా చూస్తే, ఖాళీ కడుపుతో వెళ్ళిన రోజుల్లో బిళ్లలు కనిపించాయి. నిద్ర లేని రాత్రుల తర్వాత అవి గుంపుగా ఉన్నాయి. అప్పటినుంచి అత్తమ్మ రొట్టె చుట్టి చేతిలో పెట్టనిదే బస్సెక్కనిచ్చేది కాదు. నొప్పి ఉన్న పూట ఇంట్లో పోపు వేసేది కాదు, కిటికీకి తడిచీర కట్టేది. బస్సు డ్రైవరు అడగకుండానే ముందు సీటు ఖాళీగా ఉంచేవాడు. బిళ్లలు పలచబడ్డాయి.

ఒక్క మాట మాత్రం ఆమెకు అర్థం కాలేదు. చాలా బిళ్లల పక్కన "లైటు" అని ఉంది.

ఆమె పని చూడటం. మందు నింపిన చిన్న గాజుసీసాను మెడ దగ్గర పట్టుకుని, లైటు కింద తిప్పుతూ, ఒకసారి నల్ల పలక ముందు, ఒకసారి తెల్ల పలక ముందు చూడాలి. నలుసు గాని, పోగు గాని తేలితే పక్కన పెట్టాలి. బాగున్నవి ట్రేలో పేర్చి, తన పేరున్న చీటీ అంటించాలి. నొప్పి వచ్చే రోజు ఆ లైటు మిణుకు మిణుకుమనేది. దానివల్లే తల నొస్తోందనుకుని ఎలక్ట్రీషియన్‌తో చెప్పింది. పాపం, అతను ట్యూబు మార్చి వెళ్ళాడు.

ఒక ఆదివారం పగలు కరెంటు లేదు. వరండాలో బియ్యం చెరుగుతుంటే అదే మిణుకు మొదలైంది. చాటలో బియ్యం సగం మాయమైంది. కాసేపటికి నొప్పి వచ్చింది. మర్నాడు బిళ్ల పక్కన "లైటు" అని రాయబోయి ఆగిపోయింది.

ఆ సాయంత్రం క్యాలెండరు తీసుకువెళ్ళి చూపిస్తే డాక్టరమ్మ చెప్పింది. "ఆ మిణుకు బయటిది కాదమ్మా, నీ తలలోదే. నొప్పికి ముందు గుర్తు. అప్పుడు చూపులో కొంత భాగం పోతుంది. మొదట్లో పోయినట్టు తెలియను కూడా తెలియదు."

తిరిగి వచ్చేటప్పుడు మనోరమకు తల కన్నా గుండె బరువెక్కింది. ఇన్నాళ్ళు ఆ మిణుకులోనే ఎన్ని సీసాలు చూసిందో! చెబితే ఆ కుర్చీ ఉండదు. ప్యాకింగుకు పంపుతారు. అక్కడ రాత్రి డ్యూటీలు. నిద్ర లేని రాత్రుల తర్వాత క్యాలెండరు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

చెప్పాలో వద్దో తేల్చుకోకముందే, మర్నాడే ఆ మిణుకు మళ్ళీ వచ్చింది. పొద్దుటినుంచి ఊరికే ఆవలింతలు. ట్రే నింపి, చీటీ అంటించి, పక్క కుర్చీలోని అశ్రిత వైపు తిరిగింది. ఆ పిల్ల ముఖంలో ఒక కన్ను లేదు. దాని చోట వెలుగు మిణుకుమంటోంది.

"ఏందక్కా, గట్ల చూస్తున్నవ్?"

"నీ ఒక కన్ను కనవడ్తలేదే."

"పొద్దున అద్దంల రెండు ఉండె గదక్కా!" అని నవ్వబోయి, మనోరమ కళ్ళు నలుపుకోవడం చూసి అశ్రిత గొంతు తగ్గించింది. "మళ్ల వచ్చిందా? బాత్రూంకని పోయి కొంచెం సేపు కండ్లు మూస్కో. నీ పని నేను చూస్త."

"గా ట్రే ఎట్లనే? ఎప్పుడు మొదలైందో నాకే ఎర్క లేదు."

"శాంపిల్ తీసి మళ్ల చూస్తరు గద! నీ నోటితోని నువ్వే చెప్పుకుంటవా? రేపు కండ్ల టెస్టు అంటరు, ఎల్లుండి ప్యాకింగుకు తోస్తరు. రాత్రి డ్యూటీల సచ్చిపోతవక్కా."

"శాంపిల్‌కు కొన్నే తీస్తరు. అన్ని కాదు."

ట్రేలు తీసుకువెళ్ళే బండి తలుపు దాకా వచ్చింది. మనోరమ తన ట్రే వైపు చూసింది. సీసాల వరుస మధ్యలో తెగిపోయి, మళ్ళీ మొదలవుతోంది. చీటీ మీద తన పేరులో మొదటి అక్షరం ఉంది, మిగతాది లేదు. ఆ మందు ఎవరి నరంలోకి వెళ్తుందో! ఏ ఆసుపత్రి మంచం దగ్గరో ఎవరో దండం పెట్టుకుని దానికోసం ఎదురుచూస్తూ ఉంటారు.

బండి తోసేవాడు ఆమె దగ్గరకు వచ్చాడు. మనోరమ ట్రే మీద చెయ్యి వేసి, ఎత్తనివ్వలేదు.

ఆ గది చూసుకునే ఆఫీసరు సుప్రజ పరుగున వచ్చింది. కోస్తా పిల్ల, కోపం వచ్చినా గారు అని పిలవడం మానదు. "ఏంటండీ మనోరమ గారూ, లైను ఆగిపోయింది?"

కణతలో మొదటి దెబ్బ పడింది. మనోరమ కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది.

"మేడం, నాకు కండ్ల ముంగట సగం కనవడ్తలేదు. నొప్పి వచ్చే ముందు గిట్లనే అయితది, నిన్ననే తెలిసింది. ఇంతకుముందు గూడ ఇక్కడ అయింది. ఏ దినాలో ఇంట్ల క్యాలెండరు మీద ఉన్నయి, తెచ్చి చూపిస్త. నన్ను ఏడికి పంపుతరో మీ ఇష్టం. గని ఒక్క సాయం చెయ్యిండ్రి మేడం. గీ ట్రేను పోనియ్యకుండ్రి. పొద్దున్నుంచి నేను చూసినయన్ని ఇంకొకరితోని మళ్ల చూపియ్యిండ్రి."