ఛాతీ మీద పరాయి పేరు

డెల్మర్ రౌటియో ఒక్క రోజు కూడా సైన్యంలో పనిచేయలేదు. ఆ సంగతి మనమే ముందు చెప్పేసుకోవాలి, ఆయన చచ్చినా చెప్పడు కనుక. కుర్రతనంలో సైన్యానికి పిలిచే లాటరీలో ఆయనకు మూడు వందల పదకొండో నంబరు వచ్చింది. పిలుపు అంత పెద్ద నంబరు దాకా రానే లేదు. వాళ్లమ్మ సంతోషం పట్టలేక ఏడ్చింది. డెల్మర్ మాత్రం తిన్నగా సిగ్ కొట్టుకు వెళ్లి, ఎవరో సైనికుడు వదిలించుకున్న ఆకుపచ్చ కోటు ఆరు డాలర్లకు కొనుక్కున్నాడు. దాని ఛాతీ మీద నల్లదారంతో హాల్వర్సన్ అని కుట్టి ఉంది.

డులూత్ ఊళ్లో ఆ రోజుల్లో సైన్యం వద్దనుకున్న సరుకంతా సిగ్ కొట్టులోనే దొరికేది. గుమ్మంలో అడుగుపెడితే చాలు, కలరా ఉండలు, తుపాకీ నూనె, తడిసి ఆరిన గుడారం గుడ్డ, అన్నీ కలిసిన వాసన గుప్పున కొట్టేది. "ఊరికే పీల్చకు, కొని పీల్చు," అని సిగ్ కసిరేవాడు. సిగ్ పోయాడు, కొట్టూ పోయింది. ఇప్పుడక్కడ కుక్కలకు పుట్టినరోజు కేకులు అమ్ముతున్నారు. అటు వెళ్లినప్పుడల్లా డెల్మర్ కారు నెమ్మది చేసి, "దేశం నాశనమైపోయింది వెర్నా," అంటాడు. వెర్నా ఆయన భార్య. "దేశం సంగతి సరే, వెనక హారన్ కొడుతున్నారు," అంటుంది.

కాగితం మిల్లులో పని మానుకున్నాక ఆయనకు సైన్యం పాత సామాను వెతకడమే పనైపోయింది. శనివారం తెల్లారేసరికి ఎవరో పోయినవాళ్ల ఇంటి ముందు వరుసలో నిలబడతాడు. వాళ్ల పిల్లలు సామాను అమ్మకానికి పెట్టగానే గ్యారేజీలో దూరతాడు. అలా ఏడు నీళ్ల సీసాలు, నాలుగు మడత పారలు, దూడంత బరువున్న గుడారమూ పోగేశాడు. వాటితో సొంత గ్యారేజీ నిండిపోయి, వెర్నా కారు మంచులో బయటే ఉంటుంది. పోయిన వేసవిలో ఆ గుడారం కారి ఇద్దరూ తడిసి ముద్దయితే, "ఈ కాలం వానలు మునుపటి వానల్లా లేవే," అన్నాడు మహానుభావుడు.

అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. మూడేళ్ల క్రితం నవంబరు పదకొండున, పాత సామాను వేట నుంచి వస్తూ ముప్పై మైళ్ల అవతల ఒక హోటల్లో ఆగాడు. ఏటా ఆ రోజు మాజీ సైనికుల దినమని, వాళ్లకు అక్కడ టిఫిను ఉచితం. వడ్డించే అమ్మాయి జోలీన్, ఆయన కోటు మీది పేరు చదివింది. "హాల్వర్సన్ గారూ, ఈ పూట మీ దగ్గర డబ్బు తీసుకుంటే నా చేతులు పడిపోతాయండీ!" ఆయన నిజం చెప్పబోయాడు, పాపం. ఈలోగా పాన్‌కేకులు వచ్చేశాయి. నోరు నిండా ఉన్నప్పుడు నిజం ఎలా పలుకుతుంది?

మరుసటి ఏడు పనిగట్టుకుని వెళ్లాడు. సొంత ఊరి హోటల్లోనైతే ఆయన బండారం అందరికీ తెలుసు మరి. ఆ తర్వాతి ఏడు ఎడమకాలు కాస్త కుంటడం కూడా మొదలుపెట్టాడు. అప్పుడే జోలీన్ గొంతు తగ్గించి అడిగింది: "సైన్యం నుంచి వచ్చాక మా తమ్ముడు గది తలుపు తియ్యడం లేదండీ. మీరు యుద్ధం చూసినవారు. ఎన్నాళ్లకు తగ్గుతుందంటారు?" అందరూ చూస్తున్నారు. డెల్మర్ కాఫీ కప్పు దించి, గంభీరంగా, "వసంతానికల్లా సర్దుకుంటుందమ్మా," అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని ఇంకో సాసేజి వేసింది. నలభై ఏళ్ల మిల్లు ఉద్యోగంలో ఆయనకు దక్కని గౌరవమది.

ఈ ఏడు వెళ్లేసరికి జోలీన్ ఒక ముసలాయన్ని తెచ్చి ఆయన పక్కనే కూర్చోబెట్టింది. "మీకేమైనా చుట్టమేమో చూడండి, ఈయనా హాల్వర్సన్ గారే. ఆర్లో హాల్వర్సన్." ఆ ఆర్లో కొత్తగా కూతురింటికి వచ్చాడట. పరుపులా ఉబ్బిన ఊదారంగు కోటు వేసుకున్నాడు. డెల్మర్ ఇన్నాళ్లూ వెక్కిరిస్తూ వచ్చిన రకం కోటు. ఆర్లో డెల్మర్ కోటు చేతి అంచు పట్టుకుని, అక్కడున్న కాలిన చిల్లులో వేలు పెట్టి చూశాడు.

"నా సిగరెట్టే," అన్నాడు మెల్లగా. "ఎంతకు కొన్నావేంటి?"

డెల్మర్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఆరు."

"ఆ సిగ్ ముసలి దొంగ! నాకు రెండే ఇచ్చాడు. బస్సు దిగీ దిగగానే అమ్మేశా. చలికీ ఆగదు, వానకీ ఆగదు. ఎలా తొడుక్కున్నావయ్యా ఇన్నేళ్లు?"

"తీసుకో. నీదే కదా," అంటూ డెల్మర్ గుండీలు విప్పబోయాడు.

"నాకెందుకు? ఇచ్చి చూడు, కిటికీలోంచి విసిరేస్తా."

అంతలో జోలీన్ కాఫీ కూజాతో వచ్చింది. ఒంగి డెల్మర్ చెవి దగ్గర, "వసంతం వెళ్లిపోయింది హాల్వర్సన్ గారూ. వాడు తలుపు తియ్యలేదు. ఇంకేం చెయ్యాలి చెప్పండి," అంది.

ఆర్లో సిరప్ సీసా కేసి చూస్తూ కూర్చున్నాడు. అబద్ధం ఇప్పుడు కూడా డెల్మర్ నాలుక చివరే ఉంది. ఎండాకాలం దాకా చూడమ్మా అంటే సరిపోతుంది. డెల్మర్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను హాల్వర్సన్‌ను కాదమ్మా. సైన్యానికే వెళ్లలేదు. ఈ కోటు కొట్లో కొన్నాను. వెళ్లింది ఈయన."

ఒంగి ఉన్న జోలీన్ నిటారుగా నిలబడింది.

"మరి వసంతం అన్నారే?"

"ఏదో... నోటికొచ్చింది."

"మీరన్నారని డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లకుండా ఆగాను."

ఆర్లో గొంతు సవరించుకున్నాడు. "నాకు ఆరేళ్లు పట్టిందమ్మా. మా అక్క రోజూ తలుపు బయట కుర్చీ వేసుకు కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. చివరికి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లిందీ తనే. నువ్వూ ఇక ఆగకు."

జోలీన్ కూజా బల్ల మీద పెట్టింది. డెల్మర్ కేసి చూడకుండానే, "మీరు కాస్త జరగండి," అంది, ఆర్లో పక్కన కూర్చోవడానికి.

డెల్మర్ జరిగాడు.