ఆగమన్న చోట ఆగని ప్రోగ్రాం

మా నాయన చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, బోరు అరగంట నీళ్లు పోస్తే గొప్ప. ఆ తర్వాత వచ్చేది గాలే. అప్పుడు ఆపకపోతే మోటారు కాలుతుంది, మోటారు కాలితే చెట్లు ఎండుతాయి. అవి బటన్ల ఫోన్ల రోజులు. బెంగళూరులో మొబైల్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగం నాది. ఇంట్లో కూర్చుని ఫోన్ నొక్కితే తోటలో మోటారు ఆగేలా ఆయనకొక ప్రోగ్రాం రాసిచ్చాను.

ఆరు నెలలకు సెలవు మీద వచ్చి నొక్కి చూశాను. మోటారు ఆగలేదు.

ఫోన్‌కు కేబుల్ తగిలించి నాయన చేతికిచ్చి, నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ప్రోగ్రాంలో అనుమానమున్న వరుస పక్కన ఎర్రచుక్క పెట్టాను. దాన్నే బ్రేక్‌పాయింట్ అంటారు. ప్రోగ్రాం అక్కడికి రాగానే ఆగాలి, తప్పేమిటో మనం చూసుకోవాలి. ఆగలేదు. ఇంకో మూడు చుక్కలు పెట్టాను. వాటినీ లెక్కచేయలేదు. కేబుల్ మార్చాను, కంప్యూటర్‌లో అన్నీ తుడిచి మళ్లీ ఎక్కించాను. రెండు రోజులు పోయాయి.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేను ఫోన్ వైపు చూడనేలేదు. మూడో రోజు చూశాను. కొత్తది ఎక్కించిన ప్రతిసారీ, పాతదాన్ని తీసేయనా అని ఫోన్ అడుగుతోంది. నాయన వద్దని నొక్కుతున్నాడు. నేను చుక్కలు పెట్టిన ప్రోగ్రాం అసలు ఫోన్‌లోకే పోలేదు.

నాకు ఒళ్లు మండింది. "ఎందుకు వద్దంటాండావు నాయనా?"

"మంచిరోజు చూసి, టెంకాయ కొట్టి ఎక్కిచ్చింది. దాన్నెట్ల తీసేస్తాం?"

"అది పన్జేయదు కదా!"

"అదొచ్చినంక మోటారు ఒక్కసారన్నా కాలిందా?"

"మరి ఎవరు ఆపుతాండారు?"

"నేనే. ముందు ఫోన్ నొక్కుతా. ఆనక పొయ్యి ఆపొస్తా."

తోట మైలున్నర దూరం. ఆరు నెలలుగా నేను ఫోన్ చేసినప్పుడల్లా, "నీ ప్రోగ్రాం బాగా పన్జేస్తాంది పాపా" అనే చెప్పాడు ఆయన. కోపం పోయి సిగ్గేసింది.

తప్పు పది నిమిషాల్లో దొరికింది. మోటారు స్టార్టర్ పెట్టెలో ఉన్న సిమ్‌కు మెసేజ్ పోవాలి. ఆ సిమ్ నంబరులో ఒక అంకె తక్కువ రాశాను. కొత్తది ఎక్కిద్దామంటే నాయన పంచాంగం తీశాడు. శుక్రవారం దాకా మంచిరోజు లేదట.

ఆ నాలుగు రోజులూ నేనే నడిచి పోయి మోటారు ఆపాను. నాయన వెనక నుంచి, "చెప్పులేసుకో, ముండ్లుంటాయి" అని అరిచేవాడు. దారిలో ముళ్లు లేవు. ఆయన కాళ్లు తిరిగిన మేర మట్టి నున్నగా అణిగి ఉంది.