ఉదయగిరి స్టేషన్లో దిగిన హీరో

ఆ సినిమా హీరోకు బొమ్మ రైళ్ల పిచ్చి. చొక్కా జేబులో ఎప్పుడూ అరచేతిలో పట్టేంత ఇంజను ఒకటి ఉండేది. కుర్చీ దొరికితే కుర్చీ చేతి మీద, మనిషి దొరికితే మనిషి భుజం మీద దాన్ని నడుపుతూ, మీసాలు నెరిసిన వయసులో నోటితో "కూ" అనేవాడు. పైగా ఇంటింటికీ ఒక బొమ్మ రైలుండాలని టీవీల్లో ఉపదేశాలు కూడానూ!

మా ఊరు ఉదయగిరిలో మా మేనమామ పెట్టిన బట్టల షాపు తెరవడానికి ఆ హీరో వచ్చాడు. రిబ్బను కత్తిరించి, కౌంటరు మీద పరిచిన పట్టుచీర అంచు వెంబడి ఇంజను నడిపి, మైకు అందుకున్నాడు.

"చిన్నప్పుడు మా నాన్నతో ఈ ఉదయగిరి స్టేషన్లోనే రైలు దిగాను. ఆ ప్లాట్‌ఫాం మీద తిన్న ఇడ్లీ రుచి ఇంకా నా నాలుక మీదే ఉంది. నా రైళ్ల పిచ్చి పుట్టింది ఇక్కడే!"

మా ఊరికి రైలు ఏనాడూ రాలేదు. రైలెక్కాలంటే ఆత్మకూరు మీదుగా బస్సులో నెల్లూరు పోవాల్సిందే. ఏ ఊరికి పోయినా అతను అప్పజెప్పే పాఠం ఇదేననీ, ఊరి పేరొక్కటే మారుస్తాడనీ అప్పుడర్థమైంది. జనం మాత్రం ఈలలేసి చప్పట్లు కొట్టారు.

ముందు వరసలో ఉన్న మా అవ్వ కొట్టలేదు. "ఏందిరా, స్టేషనంటాడు? యాడుండాది?" అని నన్నడిగింది.

కారెక్కబోతూ అతను అవ్వ భుజం మీద ఇంజను నడిపి, "కూ... ఈసారి మీ ఊరికి రైల్లోనే వస్తానమ్మా" అన్నాడు.

అవ్వ ఈగను తోలినట్టు ఆ ఇంజనును తోసేసింది.

"ఆ మాట మీదే ఉండు నాయనా. రైలొచ్చినాకే రా."