ఒకే మెట్ల రెండు రాగాలు

బడి నుంచి వచ్చేసరికి ఒళ్లు పులిసిపోయి ఉంటుంది. హుజూరాబాద్‌లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పడమంటే మాటలు కాదు, అందులోనూ చెవులు సరిగ్గా వినపడని టీచరుకి. వెనక బెంచీల పిల్లలు ఏమడిగారో పెదాలు చూసి పట్టుకోవాలి. సాయంత్రం టీ గ్లాసుతో కూలబడి ఫోను తెరుస్తాను. అందులో మా కర్ణాటక సంగీతం ప్రశ్నల గ్రూపు ఉంటుంది. రోజు మొత్తంలో నేను మనిషిగా ఉండేది ఆ కాసేపే.

రోజుకొకరు ప్రశ్న పెట్టాలి, మిగతావాళ్లు విప్పాలి. "ఐదే స్వరాలు, మధ్యమం లేదు, నిషాదం లేదు" అని ఎవరైనా పెడితే మోహన అని చెప్పేసి, ఇంతేనా అని ఏడిపిస్తాం. అసలు రుచి ప్రశ్న పెట్టడంలో ఉంది. రాగాన్ని ఎక్కడ దాచాలి, ఏ కొస బయటికి వదలాలి అని కూరగాయలు తరుగుతున్నా అదే ధ్యాస. నలుగురు విప్పలేక కిందామీదా పడుతుంటే నాకు పండగే.

పెళ్లికి ముందు కరీంనగర్‌లో పాట నేర్చుకున్నాను. చెవులు మొరాయించాక అందులో మిగిలింది ఈ ఆటే. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు కొంత అందుతాయి గానీ, పాట మాత్రం రేకు మీద మేకుతో గీసినట్టు వస్తుంది. గ్రూపులో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆటంతా రాతలోనే కదా. చెబితే జాలి మొదలవుతుంది, జాలిపడ్డవాళ్లు కావాలని ఓడిపోతారు. అది నాకు గిట్టదు.

మొన్నీమధ్య ఒక ప్రశ్న పెట్టాను. శంకరాభరణంలో పుట్టి, ఎక్కేటప్పుడు గాంధార నిషాదాలను వదిలేసి, దిగేటప్పుడు ఏడింటినీ తాకే రాగమేది? ఆరభి అని నా జవాబు. నిర్మల్‌లో ఉండే పెద్దాయన, అటవీశాఖలో పనిచేసి రిటైరైనాయన, వెంటనే రాశాడు.

"మేడం, గిది దేవగాంధారి గూడ అయితది గదా. రెండిటి ఎక్కే మెట్లు, దిగే మెట్లు ఒక్కటే."

తల కొట్టేసినట్టయింది. కాగితం మీద ఆ రెండూ కవలలే. వింటే మాత్రం పొరపాటు పడడానికి లేదు. ఆరభి గాంధారాన్ని తాకీ తాకనట్టు దాటిపోతుంది, దేవగాంధారి దాని మీద ఆగి ఊగుతుంది. చెవితో ఆలోచించేవాళ్లు ఈ తప్పు చేయరు. రాగాలు నాకు ఒట్టి అక్షరాలైపోయాయని అప్పటిదాకా నాకే తెలియలేదు.

పంతానికి పోయి, నా వరకు అది ఆరభే అని రాశాను. ఆయన రెండు రాగాలనూ, వేగాన్ని బట్టి దొరికిపోకుండా ఒకే వేగంలో పాడి, గ్రూపులో పెట్టాడు. "మీరే ఇని చెప్పున్రి, ఏది ఏదో."

అందరూ చూస్తున్నారు. మిషను పెట్టుకుని విన్నాను, తీసేసి ఫోను చెవికి అదిమి విన్నాను. రెండూ రేకు మీద గీతలే. ఎరువుల దుకాణం నుంచి అప్పుడే వచ్చిన మా ఆయన్ని పిలిచాను.

"జర గీ రెండు ఇని తేడా చెప్పరాదు?"

పాపం, శ్రద్ధగానే విన్నాడు. "రెండు ఒక్క తీర్గనే ఉన్నయి గదనే."

ఆయనకు చెవులున్నాయి, రాగం లేదు. నాకు రాగం ఉంది, చెవులు లేవు. ఇద్దరం కలిసినా ఒక శ్రోత పాటి కాలేకపోయాం. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. గుడ్డిగా ఏదో ఒకటి చెప్పేయొచ్చు. కానీ దాచి దాచి విసిగిపోయాను. "నాకు వినపడదు, కొన్నేళ్లయింది" అని రాసి ఫోను బోర్లించాను. ఇక ఈ ఆట కూడా పోయినట్టే అనుకున్నాను.

మళ్లీ తెరిచేసరికి అయ్యో, అయ్యో అని చాలామంది పెట్టారు. పెద్దాయన రాసిన దాంట్లో మాత్రం ఆ మాటే లేదు.

"మొదటిది చెప్తున్న, సూడున్రి. రిషభం మీదికెళ్లి మధ్యమానికి దుంకిన. పంచమం కాడ ఊపిరి తీసుకున్న. దిగేటప్పుడు గాంధారం కాడ ఆగిన. మెల్లగ ఊపిన. ఇడిసిపెట్ట పానం ఒప్పక ఇంకోసారి ఊపిన. అప్పుడు రిషభానికి దిగిన. ఇగ జవాబు చెప్పున్రి మేడం, ఆట ఇంక అయిపోలే."

ఆ గాంధారం నాకు వినిపించింది. దేవగాంధారి అని రాయబోతే కళ్లు మసకబారి అక్షరాలు కనబడలేదు.