చక్కెర నీళ్లు వద్దన్నందుకు

సహోదరులారా, సహోదరీలారా, ఈ మాట చెప్పాలంటె నాకు ఏడుపే ముందొస్తది, జర ఓపికతోని వినుండ్రి. నాది ధారూర్, తాండూర్ల నాపరాయి పాలిషు పని జేసేటాయనకు నన్నిచ్చిండ్రు. కడుపుతోని ఉన్నప్పుడు వికారాబాద్ దవాఖానల రక్తం జూసి, నీకు హెచ్ఐవి ఉందమ్మా అని సిస్టరమ్మ చెప్పింది. అయ్యో తండ్రీ! మా ఆయనకు తనకున్నదని ముందే ఎరుకనట, నాకు చెప్పలే! సచ్చిపోదామనుకున్న, కడుపుల బిడ్డ కదిలితె ఆగిన.

రోజూ గోలీ తప్పకు, పుట్టినంక బిడ్డకు సిరప్ పొయ్యి, ఆరు నెలలదాంక నీ పాలు తప్ప నీళ్లు గూడ పట్టకు, గట్లయితె బిడ్డకు రాకుండ కాపాడుకోవచ్చు అన్నది సిస్టరమ్మ. రక్తం పట్టే గోలీలని అందరికి అబద్ధం చెప్పి మింగిన.

బిడ్డ పుట్టినంక అత్తగారోళ్లు మా తల్లిగారింటికి సూడొచ్చిండ్రు. వాళ్లింట్ల పిల్ల పుడితె మేనత్త చక్కెర నీళ్లు పట్టాలె, గది వాళ్ల పద్ధతి. మా ఆయన చెల్లె గిన్నె పట్టుకొని దగ్గరికొస్తుంటె నేను బిడ్డను గట్టిగ అదుముకొని వద్దన్న. "మా చేతి నీళ్లు విషమా?" అని అత్తమ్మ లొల్లి వెట్టింది. ఎందుకు వద్దో చెప్తె నా బిడ్డను ఎవలు ముట్టరు, చెప్పకుంటె నేను పొగరుబోతును! అంతా తెలిసిన మా ఆయన గూడ వాళ్లెంబడే లేచిండు. అందరు పోయిండ్రు, మళ్ల నన్ను అత్తగారింటికి పిలవలే.

బిడ్డకు సిరప్ పోసుకుంట, పాలిచ్చుకుంట ఒకటే ఏడుపు. "తండ్రీ, నా రోగం నాకే ఉండనియ్యి, నా పాలల్లకెల్లి నా బిడ్డకు పోనియ్యకు, నాకు నువ్వు తప్ప ఎవలున్నరు!" అని మొత్తుకున్న. బిడ్డకు రక్తం జూసే ప్రతి పరీక్షకు పాణం పోయి వచ్చేది.

పాలు మాన్పించినంక ఆఖరు పరీక్ష జేసిండ్రు. బిడ్డకు లేదు! దేవునికే మహిమ! మా ఆయనకు ఫోన్ జేస్తె ఎత్తలే.

నా రోగం పోలేదు సహోదరులారా, బతికినన్నాళ్లు గోలీ మింగాల్సిందే, గా గోలీ గూడ నా ప్రభువు ఇచ్చిందే. మీల నా అసొంటి తల్లి ఉంటె, మందు బందు జెయ్యకు తల్లీ, ప్రార్థన బందు జెయ్యకు, మనుషులు విడిసిపెట్టినా ఆయన విడువడు. ఇయ్యాల మీకందరికి తెలిసింది, నా బిడ్డను ఎవలు ముట్టరేమోనన్న భయం ఇంక పోలేదు. నా బిడ్డ గా దర్వాజ కాడ ఆడుకుంటున్నది, జర ఎవలన్న ఎత్తుకోండ్రి.