కుర్మయ్య భుజం మీది మైసమ్మ

మా బావ కుర్మయ్య తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. ఆయన కుడి భుజం పట్టేసి ఏళ్లు గడిచాయి. ముద్ద నోటిదాకా రాదు కనక తలే వంచి ముద్దకు ఎదురు వెళతాడు. దవాఖానకు పోదాం పద బావా అంటే నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

"నొప్పి గాదురా కొండల్, అమ్మ కూసున్నది. అమ్మను దించుకుంటరా ఎవలన్నా?"

సంగతేమిటంటే, వాళ్ల పొలం విమానాశ్రయం కింద పోయింది. ఆ పొలం గట్టున వాళ్ల మైసమ్మ ఉండేది. విగ్రహం కాదు, పసుపు పూసిన నిలువు రాయి. పొలం అప్పజెప్పే ముందు రోజు అన్నదమ్ములిద్దరూ కోడిని కోసి, గట్టు మీది రాళ్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నారు. మర్నాడు చీకటి విడకముందే బావ ఒక్కడే వెళ్లి అమ్మను పెకిలించి భుజానికెత్తుకున్నాడు. అమ్మను బండెక్కించరు. దారిలో కిందికి దించరు, దించితే అక్కడే కూర్చుంటుందని మావాళ్ల నమ్మకం. అందుకని భుజమన్నా మార్చుకోకుండా మంఖాల్ ఊరి దాకా మోసుకొచ్చి, కొత్త ఇంటి ముందు గద్దె మీద నిలబెట్టాడు. భుజం ఆ రోజే పోయింది.

నిజం చెప్పొద్దూ, ఆ నొప్పే ఆయన్ని బతికించింది. పొలాలు పోయినవాళ్లలో కొందరు తాగుడులో పడ్డారు, కొందరు ఆరాంఘర్ చౌరస్తాలో కూలికి నిలబడ్డారు. బావ అదే విమానాశ్రయం పార్కింగులో ఎడమ చేత్తో బండ్లకు దారి చూపిస్తూ కూడా తలెత్తుకునే తిరిగాడు. "పొలం పోయింది గని, అమ్మను పోనియ్యలే" అనేవాడు. బోనాలప్పుడు ఆడవాళ్లు ఆయన భుజం తాకి కళ్లకద్దుకునేవాళ్లు. ఆయన పడుకున్నాక మూలుగుతుంటే విని మా అక్క స్వరాజ్యం ఏడ్చేది.

ఈ ఆషాఢంలో గద్దెకు టైల్స్ వేయిద్దామనుకున్నారు. రాయి మీద పేరుకున్న పసుపు, నూనె గీకుతుంటే అడుగున ఉలితో చెక్కిన కూడిక గుర్తు బయటపడింది. బావ అన్న బాలమల్లు వంగి, వేలితో తడిమి చూశాడు.

"తమ్మీ, గిది మైసమ్మ గాదురా. మన హద్దురాయి."

"నీకు కండ్లు మసకలొచ్చినయన్నా."

"నాయిన పక్కన నిలవడి చెక్కిచ్చిండు. పాతేటప్పుడు గడ్డపార పట్టుకున్నది నేనే."

"గిప్పుడు చెప్పకుంటే ఏం వాయె?" అని అక్క బాలమల్లు మీద మండిపడింది. నాకైతే ముందు సంతోషమేసింది, ఇక మొండితనం వదులుతాడు కదా అని. బావ ముఖం చూశాక ఆ సంతోషం ఎటు పోయిందో తెలియదు.

సాయంత్రందాకా ఆయన ఆ రాయి ముందే కూర్చున్నాడు.

"అయితే అమ్మ ఆడనే ఉన్నదారా? గా విమానాల కింద?"

"ఏమో బావా."

"మరి గిన్నేండ్లు నా భుజం మీద కూసున్నదెవలు?"

అక్క దీపం వెలిగించి తెచ్చి, పెట్టాలో వద్దో తెలియక గడపలో నిలబడింది. చివరికి పెట్టింది. దండం మాత్రం పెట్టలేదు.

విడ్డూరం ఏమిటంటే, ఇన్నేళ్లు మోసిన నొప్పిని ఆయన ఆ మర్నాడు ఒక్క పూట కూడా ఓర్చుకోలేకపోయాడు. అదే భుజం, అదే నొప్పి. హద్దురాయి వల్ల వచ్చింది ఎక్కువ నొస్తుందా? నా బుర్రకు ఇప్పటికీ అందలేదు. తనంతట తనే వచ్చి నా ఆటోలో కూర్చుని, "పోదాం పా" అన్నాడు.

డాక్టరు కుర్రవాడే, మర్యాదస్తుడు. చెయ్యి ఎత్తమన్నాడు. అది ఛాతీ దాకా కూడా రాలేదు.

"ఎప్పుడైనా పెద్ద బరువు ఎత్తారా?"

"ఎత్తిన సారూ."

"ఏం ఎత్తారు?"

బావ నావైపు చూశాడు. ఎన్నో ఏళ్లుగా ఊరంతటికీ చెప్పిన జవాబు అది. నేను తల వంచుకున్నాను.

"తెల్వదు సారూ."

"పర్వాలేదండీ. ఆలస్యమైంది కానీ తగ్గించొచ్చు," అని డాక్టరు సూది తీశాడు.

సగం విప్పిన చొక్కాతో బావ ఆ భుజాన్ని ఎడమ చేత్తో పొదివి పట్టుకున్నాడు.

"జర ఆగు సారూ. ఇది తగ్గినంక నా తాన ఏం మిగుల్తది?"